మిరపకాయల గోదాంలో పెండ్లికి జాగ

ఇప్పుడు పెండ్లికి జాగ చూడడమంటే ఫోను చేసి, ఫలానా రోజు హాలు ఖాళీగా ఉందా అని అడగడమే. కుర్చీలు, వంటగది, చేతులు కడుక్కునే నల్లాలు అన్నీ అక్కడే ఉంటాయి. ఈ వ్యాపారంలోకి కొత్తగా దిగిన మా గల్లీ పిల్లలు ఇద్దరు ముగ్గురు అప్పుడప్పుడు నా దగ్గరకు వచ్చి, "తాతా, మీ కాలంల హాళ్లే లేవు గద, మరి నువ్వు చేసిన పనేంది?" అని అడుగుతుంటారు. హాళ్లు లేవు కాబట్టే నాకు పని దొరికింది నాయనా, అంటాను.

జహీరాబాదులో నయా పైసలు వచ్చిన కొత్తలో నేను షామియానాల పనిలో చేరాను. చూసేవాళ్లకు మేం గుంజలు పాతి గుడ్డ కట్టేవాళ్లం. అసలు కష్టమంతా ఆ గుంజలు ఎక్కడ పాతాలో తేల్చడంలోనే ఉండేది. ఎండాకాలం సెలవుల్లో బడి, జొన్న కోసిన చేను, జిన్నింగు మిల్లు ఆవరణ, బెల్లం వ్యాపారుల గోదాం, ఎవరో ఒకరి పెద్ద వాకిలి... వాటిలో ఒకదాన్ని ఒక్క పూటకు కల్యాణ మండపంగా మార్చాలి. మరునాటికి అది మళ్లీ చేను కావాలి, బడి కావాలి.

నేను ఎన్ని పెండ్లిళ్లు చేశానో, ఎంత సంపాదించానో రాయను. ఒకే ఒక జాగ గురించి రాస్తాను. దాన్ని నేనే వెతికాను, నేనే బేరం చేశాను, నేనే మెచ్చుకున్నాను. ఘోరంగా తప్పాను.

కూర్చుని చూసే మనిషి

నాకు పని నేర్పింది ఖాదర్ సాబ్. షామియానాలు, జంపఖానాలు, వంటకు పెద్ద డేగిషాలు అన్నీ ఆయనవి. మనిషి సన్నగా, నెమ్మదిగా ఉండేవాడు. కొత్త జాగకు వెళితే కొలతలు తీసేవాడు కాదు. ఒక మూల చూసుకుని కూర్చునేవాడు, అంతే. ముహూర్తం పది గంటలకైతే ఆయన కూడా సరిగ్గా పదింటికే వచ్చి కూర్చునేవాడు.

"జాగ నిలవడి చూసేది కాదు బేటా, కూసోని చూసేది. పెండ్లికొచ్చినోడు నిలవడతడా?" అనేవాడు.

న్యాల్‌కల్‌లో ఒక ఆసామి తన ఇంటి వెనక కళ్లం చూపించాడు. విశాలంగా, చదునుగా, అరచేయిలా ఉంది. నేను అప్పటికే గుంజల లెక్క వేసుకుంటున్నాను. ఖాదర్ సాబ్ గంటసేపు కూర్చుని, బీడీ కాల్చి, లేచి, "వద్దు" అన్నాడు. ఎందుకని నేను అడగబోతుండగానే రెండు వందల గొర్రెలు కంచె సందులోంచి వచ్చి, కళ్లం నడుమ నుంచి వాగుకు నీళ్లకు పోయాయి. రోజూ అదే వేళ, అదే దారి. ఆసామికి గుర్తే లేదు. రోజూ చూసేది మనిషికి కనిపించదని ఆయన ఆనాడే నాకు చూపించాడు. నేను గొర్రెలను చూసి నవ్వుకున్నానే తప్ప పాఠం నేర్చుకోలేదు.

ఎందుకంటే నా తెలివి మీద నాకు అంత నమ్మకం. మా నాయిన సంగప్పది గంజికి, అంటే సరుకుల బజారుకు, ఆనుకున్న మా గల్లీలో కిరాణా దుకాణం. మా ఇంట్లో పిల్లలకు మాటలు రాకముందే బేరం వచ్చేది. నా పెండ్లిలో నేను అయ్యగారితో మంత్రాలు తగ్గించమని బేరమాడానని మా ఆవిడ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. అబద్ధం. జర తొందరగా చదవమన్నాను, అంతే.

కంపౌండరు గారి బిడ్డ

దవాఖానలో కంపౌండరు నర్సింలు మా గల్లీలోనే ఉండేవాడు. ఒక గది, చిన్న వసారా, వీధిలోకి గడప. భార్య ఎప్పుడో పోయింది. కూతురు పుష్పను పెంచింది ఆయన తల్లి బాలమ్మ. గల్లీ అంతా ఆమెను బాలమ్మవ్వ అనేది. ఆమెకు దమ్ము బీమారి. దుమ్ము పడదు, పొగ పడదు, నాలుగడుగులు వేస్తే ఆయాసం.

పుష్పకు కోహీర్ సంబంధం కుదిరింది. వైశాఖంలో ముహూర్తం, పొద్దున పది గంటలకు. ఖాదర్ సాబ్ బీదరులో ఒక పెద్ద పెండ్లి పని మీద ఉన్నాడు. వెళుతూ వెళుతూ ఈ పని నాకు అప్పగించాడు. నా అంతట నేను చేసే మొదటి పెండ్లి.

నర్సింలు ఇంటికి వెళితే పుష్ప తలుపు పక్కన నిలబడి తనే మాట్లాడింది.

"అన్నా, జాగ పెద్దదో చిన్నదో నాకెర్క లేదు. మా నాయినమ్మ కూసునేటట్టుండాలె. తాళి కట్టేటప్పుడు ఆమె నాకు కనవడాలె. గంతే."

"గంతేనా? ఫికర్ చేయకు చెల్లే" అన్నాను.

బడి అప్పటికే ఇంకో పెండ్లికి మాట అయిపోయింది. గుడికి మెట్లెక్కాలి, అవ్వ ఎక్కలేదు. మిల్లు ఆవరణలో నీడ లేదు. మా గల్లీ సంగతి ఎవరి నోటా రాలేదు. ముహూర్తం పడ్డ రోజే వారపు అంగడి. ఏడు దుకాణాలున్న ఆ గల్లీలో అంగడి రోజున మనిషి పక్కకు మళ్లడానికే చోటుండదు. ఇక పెండ్లి ఎక్కడ?

పాలలాంటి గోదాం

అప్పుడు నా కన్ను గంజి వెనకున్న ఒక సేటు గోదాం మీద పడింది. రేకుల కప్పు, ఎత్తైన గోడలు, మూడు వందల మంది కూర్చోవచ్చు. సరుకు పోయి నెలయింది. సేటు కిరాయి అడిగాడు. నేను నవ్వాను.

"సేట్, ఖాళీ గోదాంకు కిరాయేంది? నేనే ఊడిపిస్త, నేనే సున్నం కొట్టిస్త. నీ గోదాం పెండ్లికూతురు లెక్క చేసి అప్పజెప్త."

"సరే వీరన్నా, నీ మాటే కానియ్" అన్నాడు సేటు.

పిల్లలూ, ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. ఎదుటివాడు మొదటి మాటకే ఒప్పుకుంటే, తిరిగి వెళ్లి మీరేం ఒప్పుకున్నారో చూసుకోండి. నేను చూసుకోలేదు. పైసా ఇవ్వకుండా గోదాం పట్టానని గల్లీలో ఏడు చోట్ల చెప్పుకున్నాను. సేటు ఏళ్ల తరబడి ఊడవని గోదాన్ని నాతో ఊడిపించుకున్నాడన్న సంగతి తర్వాత తట్టింది.

గంజి హమాలీలు ఊడ్చారు, సున్నం కొట్టారు. గోడలు పాలలా మెరిశాయి. నేను నడుమ నిలబడి గుండెల నిండా గాలి పీల్చాను. హాయిగా ఉంది. కూర్చుని చూడాలన్న మాట గుర్తొచ్చింది కానీ, చిన్నప్పటి నుంచి తిరిగిన గోదాంలో కూర్చుని చూసేదేముంది అనుకున్నాను.

ఆ గోదాంలో అన్నాళ్లూ నిలవ ఉన్నది మిరపకాయలు.

గుర్రానికి నచ్చలేదు

పెండ్లికి రెండు రోజుల ముందు పెండ్లికొడుకు మేనమామ మాణయ్య జాగ చూడడానికి కోహీర్ నుంచి వచ్చాడు. రైతు మనిషి, గట్టి మాట, తలకు ఎర్ర రుమాలు. అదే సమయానికి బాలమ్మవ్వను కూడా టాంగాలో తెచ్చారు. పక్కన పుష్ప, నర్సింలు.

టాంగా గుమ్మం ముందు ఆగింది. గుర్రం తల లోపలికి పెట్టి, వెంటనే వెనక్కి లాక్కుని, రెండుసార్లు గట్టిగా చీదింది.

"గుర్రానికి నచ్చలే ఈరన్నా" అన్నాడు టాంగావాడు.

"గుర్రం పెండ్లికి రాదులే" అన్నాను.

అవ్వను నడుమ కుర్చీలో కూర్చోబెట్టాం. జాగ ఎలా ఉంటుందో కళ్లకు కట్టినట్టు చూపించాలని నా మనుషులతో జంపఖానాలు పరిపించాను. నలుగురు నాలుగు కొసలు పట్టి ఎత్తి విసిరారు. రేకుల కింద దూలాల మీద, గోడల పగుళ్లలో నెలరోజులుగా నిద్రపోతున్న మిరప దుమ్మంతా ఒక్కసారిగా లేచింది.

మాణయ్య "జాగ పెద్దగనే..." అని మొదలుపెట్టి తుమ్మాడు. మళ్లీ తుమ్మాడు. ఇక ఆగలేదు. నర్సింలు కళ్లు ఎర్రబడ్డాయి. నేను, గంజిలోనే పెరిగిన నా మనుషులు మాత్రం వీళ్లకేమైందా అని చూస్తూ నిలబడ్డాం. ఇంతలో అవ్వ ఊపిరి ఈల వేయడం మొదలైంది. నర్సింలు ఆమెను రెండు చేతులతో ఎత్తుకుని బయటకు పరుగెత్తాడు.

టాంగా నీడలో పడుకోబెట్టి మందు ఇచ్చాడు. ఆమె మామూలుగా ఊపిరి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది. పుష్ప ఆమె చేయి వదలలేదు.

"నేను అడిగిందొక్కటే గదన్నా" అంది.

మాణయ్య రుమాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. "గిదేం జాగనయ్యా? పెండ్లికి పిలిచి మసాల నూరుతరా? ఇట్లయితె నడవదు. కోహీర్ల మాకు ఇల్లున్నది, వాకిలున్నది. పెండ్లి ఆడనే చేద్దం."

"మా అమ్మతోని అంత దూరం వచ్చుడు కాదు బావా. ఈ ఎండల బస్సెక్కితె బతకదు" అన్నాడు నర్సింలు.

మాణయ్య టాంగా నీడలో ఉన్న అవ్వ వైపు చూశాడు. చెడ్డవాడు కాదు. "సాయంత్రం బస్సుకు పోత. అప్పటిదాంక మంచి జాగ చూపెట్టున్రి. లేకుంటె మా ఊళ్లనే. నేను చెయ్యగలిగింది గిదే."

అవ్వనే అడగాలి

మధ్యాహ్నానికి ఖాదర్ సాబ్ బీదరు నుంచి వచ్చాడు. జరిగిందంతా చెప్పాను.

"ఆడ ఎంతసేపు కూసున్నవ్?"

"కూసోలే సాబ్."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. నేను ఒకదాని తర్వాత ఒకటి జాగలు చెప్పుకుంటూ పోతున్నాను. చిరాగ్‌పల్లి తోట, స్టేషను పక్క మైదానం. ఆయన చేయి ఎత్తాడు.

"ఊళ్లె జాగలన్ని నాకెందుకు చెప్తున్నవు? ఆ ముసలమ్మనడుగు, ఆమెకు దమ్ము ఏడ ఆడుతదో."

వెళ్లి అడిగాను. బాలమ్మవ్వ గడపకు ఆనుకుని వేసిన నులక మంచం మీద ఉంది. పొద్దున అంత జరిగినా మాటలో ఎత్తిపొడుపు తగ్గలేదు.

"ఇంకేడరా? ఈడనే. ఇరవై ఏండ్లసంది ఈ గడప ముందటనే ఊపిరి తీస్తున్న. పడమటి గాలి తిన్నగ నా మొఖానికొస్తది. మీ నాయిన మిర్చి బస్తాలు గల్లీకి ఆ కొసకున్నయి, ఆ ఘాటు నా దిక్కు రాదు. నువ్వు నన్ను బండెక్కించి మరీ ఘాటు దగ్గరికి తోల్కపోతివి."

అంటే షామియానా గల్లీలోనే వేయాలి. అంటే అంగడి రోజున ఏడు దుకాణాల ముందు దారి మూయాలి.

సంగప్ప మూస్తే మేం మూస్తం

చాయ్ హోటలు ఆయన, పెండ్లివాళ్ల చాయ్ అంతా నీదే అనగానే ఒప్పుకున్నాడు. గాజుల దుకాణం ఆమె, "పెండ్లి మా ముందటనే అయితె నేనెందుకు మూస్త? తెరిసే ఉంచుత" అంది. అదీ నిజమే. మిగిలిన నలుగురు, దర్జీ, సైకిళ్లాయన, బట్టలాయన, గిన్నెలాయన, ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నట్టు ఒకే మాట చెప్పారు.

"మీ నాయిన మూస్తడా? ఆయన మూస్తె మేం మూస్తం."

మా నాయిన పప్పు తూస్తున్నాడు. తల ఎత్తలేదు.

"నాయినా, ఎల్లుండి పొద్దటిసంది పగటీలి దాంక దుకానం బందు పెట్టాలె."

"ఎవరు పోయిన్రు?"

"ఎవరు పోలే. పెండ్లి."

"పెండ్లికి దుకానం మూసుడు నేనెన్నడు ఇనలే. నీ పెండ్లికే మూయలే."

నాకు తెలిసిన ఎత్తులన్నీ వేశాను. అంగడికి వచ్చినవాళ్లంతా పెండ్లి చూడడానికి ఇక్కడే ఆగుతారు, తర్వాత కొంటారు అన్నాను. "పెండ్లి బువ్వ తిన్నోడు పప్పెందుకు కొంటడు?" అన్నాడు. గిరాకీ పోతే నేను కట్టిస్తానన్నాను. "గిరాకి మర్లపోతె మల్ల రాదు. దాన్నెట్ల కట్టిస్తవు?" అన్నాడు. చివరికి, "సరే, పోత మరి" అని లేచి రెండడుగులు వేశాను.

"పో. ఆ లేచిపోవుడు నేను నేర్పిందే" అన్నాడు, తక్కెడ ముల్లు చూస్తూ.

తిరిగి వచ్చి కూర్చున్నాను. ఇక ఎత్తులు లేవు.

"నాయినా, తప్పు నాది. గోదాంల మిర్చి ఘాటు నాకు తెల్వలే. బాలమ్మవ్వకు పానం మీదికొచ్చింది. సాయంత్రానికి జాగ దొరక్కుంటె పెండ్లి కోహీర్ పోతది, ఆమె పోలేదు. ఆ పిల్లను పెంచింది ఆమెనే."

నాయిన తక్కెడ దించాడు. "ఘాటు నీకు తెల్వలేదా?"

పక్క బస్తాలోంచి ఒక ఎండుమిరపకాయ తీసి, తుంచి, నా ముక్కు కింద పెట్టాడు. "ఇప్పుడు?"

"ఏం లేదు."

ఆయన దాన్ని తన ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒకసారి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. ముఖం మారింది.

"నాకు గూడ తెలుస్తలేదుర" అన్నాడు.

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆయన నవ్వడం మొదలుపెట్టి, నవ్వు ఆపుకోలేక గల్లాపెట్టె పట్టుకున్నాడు. మా నాయిన అలా నవ్వడం నేను చాలా తక్కువసార్లు చూశాను.

"మూస్తపో. మిర్చి బస్తాలు గూడ లోపల పెట్టిస్త. కని పెండ్లి వంటకు బియ్యం, పప్పు, చింతపండు నా దగ్గర్నే కొనాలె."

"అది నేను ముందుగాలనే అనుకున్న గద."

"నువ్వు అనుకున్నవు. నేను అడిగిన. బేరం నాది."

బస్సు దగ్గర

మాణయ్య బస్సు దగ్గర నిలబడి ఉన్నాడు. నేను, ఖాదర్ సాబ్ కలిసి వెళ్లాం.

"తొవ్వ నడుమ పెండ్లా? మా దిక్కోళ్లు నవ్వరా?" అన్నాడు.

"పటేలా, అంగడినాడు మా గల్లీ ఎన్నడన్న బందయిందా? ఖాదర్ సాబ్‌నడుగున్రి."

"నేను పుట్టినంక చూడలే" అన్నాడు ఖాదర్ సాబ్.

"మీ అల్లుడి పెండ్లికి ఏడు దుకాన్లు బందయితున్నయి."

"ఏడా?" మాణయ్య రుమాలు సర్దుకున్నాడు.

మామూలుగా అయితే ఏడే అనేవాణ్ని. ఆ రోజు నోరు తిరగలేదు. "ఆరు. గాజులామె తెరిసే ఉంచుతదట."

ఆయన నా ముఖం చూసి పెద్దగా నవ్వాడు. "మా ఆడోళ్లకు అక్కెరకొస్తదిలే. బరాత్ దుకాన్ల నడిమి నుంచే పోతదా?"

"ఆ కొస నుంచి ఈ కొస దాంక."

"మసాల నూరరు గద?"

"నూరం పటేలా."

"అయితె సరే. మావోళ్లకు చెప్త" అని బస్సెక్కాడు. ఒక్క అబద్ధమూ మిగల్చకుండా నేను గెలిచిన మొదటి బేరం అది. ఆ తర్వాత నిజం చెప్పడం కూడా అలవాటు చేసుకున్నాను. ఎప్పుడూ కాదు, అక్కరపడినప్పుడు.

పది గంటలకు

మరునాడు పది గంటలకు నేను, ఖాదర్ సాబ్ గల్లీలో కూర్చున్నాం. గంటసేపు లేవలేదు. పదకొండు దాటాక ఎండ దర్జీ దుకాణం మీద నుంచి జారి అవ్వ మంచం కాలి మీద పడింది. అది చూసి షామియానాను రెండు గుంజల మేర ఇవతలికి జరిపాం. వంటపొయ్యిలు గాలికి దిగువన, మా దుకాణం వెనక పెట్టాం. గడపకు ఎదురుగా, ఏమీ అడ్డం లేకుండా, పెండ్లి పీటలకు చోటు గుర్తు పెట్టాం.

పెండ్లినాడు పొద్దున న్యాల్‌కల్ నుంచి, చిరాగ్‌పల్లి నుంచి అంగడికి వచ్చేవాళ్లు వచ్చారు. తట్టలు తల మీద పెట్టుకునే షామియానా కింద ఆగిపోయారు. కొందరు అక్షింతలు అందుకున్నారు, కొందరు తిండి బంతిలో కూర్చున్నారు, ఎవరి తరఫు అని ఎవరూ అడగలేదు. మాణయ్య ఆ జనాన్ని చూసి, ఇంతమంది తన పేరు విని వచ్చారని అనుకున్నాడు. నేను కాదనలేదు. మా నాయిన మూసిన తలుపు ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. ఎవరో వచ్చి శనగపప్పు ధర అడిగితే ధర చెప్పి, మళ్లీ నాలుక కరుచుకున్నాడు.

బాలమ్మవ్వ కొత్త చీర కట్టుకుని తన గడప దగ్గర తన మంచం మీదే కూర్చుంది. ఎవరూ ఆమెను ఎత్తలేదు, దించలేదు. పడమటి గాలి వస్తూనే ఉంది.

మేళం జోరందుకుంది. పెండ్లికొడుకు తాళి చేతిలోకి తీసుకున్నాడు. నేను నడుం మీద చేతులు పెట్టుకుని, ముందు వరసలో నిలబడి, గల్లీ మొత్తం నేనే కట్టించినట్టు చూస్తున్నాను. అప్పుడు వెనక నుంచి ఒక గుప్పెడు అక్షింతలు వచ్చి నా వీపు మీద పడ్డాయి.

"ఈరన్నా, జర పక్కకు జరుగుర! గింత జేసి నువ్వే అడ్డం నిలవడితివి. పిల్ల కనవడ్తలేదు."

గబుక్కున పక్కకు జరిగాను. పుష్ప తల తిప్పి గడప వైపు చూసింది. అవ్వ వేసిన రెండో గుప్పెడు ఆమె తల మీదే పడింది.